ఆంధ్రులు ఎక్కడి నుంచి వచ్చారు అని అడిగేముందు పాలమూరు బూడిద దిబ్బల సంగతి

మీరు అడిగింది ఇది: పోటీ పరీక్షల గైడులో "ఆంధ్రులు వింధ్య దాటి ఉత్తరం నుంచి వచ్చారు" అని ఉంది, మీ నాన్నగారేమో "మనం ఎప్పట్నుంచో ఇక్కడివాళ్ళమే" అంటారు, మీది పాలమూరు వైపు పల్లె, అసలు ఆ నేలకు మొదట వచ్చి స్థిరపడ్డది ఎవరు?

గైడులో ఉన్న మాట చాలా పల్చటి ఆధారం మీద నిలబడింది. నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. చరిత్ర పాఠాలు చెప్పినవాడిగా, ఊళ్ళలో పురావస్తు సర్వేల వెంట తిరిగినవాడిగా నా అభిప్రాయం చెప్తాను. మనవాళ్ళ చరిత్రను శాతవాహనులతోనూ కృష్ణా డెల్టాతోనూ మొదలుపెట్టడం అలవాటైపోయింది. ఊళ్ళు కట్టుకుని బతికినవాళ్ళ కథ మాత్రం అంతకు రెండువేల ఏళ్ళకు ముందే, వాన సరిగా పడని రాతి నేలల్లో మొదలైంది. అంటే మీ పాలమూరు, రాయచూరు, బళ్ళారి, కర్నూలు, అనంతపురం ప్రాంతంలో.

ముందు వింధ్య కథ తేల్చేద్దాం. దానికి మూలం ఐతరేయ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథంలోని శునఃశేపుడి కథ. యజ్ఞంలో బలి ఇవ్వడానికి తండ్రే అమ్మేసిన ఆ కుర్రాడిని విశ్వామిత్రుడు దత్తత తీసుకుని పెద్దకొడుకు స్థానం ఇస్తాడు. ఆయనకు అప్పటికే నూటొక్కమంది కొడుకులు. అందులో పెద్దవాళ్ళు ఏభైమంది దీనికి ఒప్పుకోరు. ఆయనకు కోపం వచ్చి, మీ సంతానం సరిహద్దుల పాలవుతుంది పొమ్మని శపిస్తాడు. ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అలా పుట్టారని గ్రంథం. ఇంతే. వింధ్య దాటారని గానీ, ఫలానా నది మీదుగా నడిచి వచ్చారని గానీ అందులో లేదు. ఉత్తరాన యజ్ఞాలు చేసుకునేవాళ్ళకు తమ హద్దులకు అవతల ఈ పేర్లతో జనాలున్నారని తెలుసు, వాళ్ళను తమ వంశవృక్షంలో ఎక్కడో ఒకచోట, కాస్త తక్కువ చేసి, ఇరికించుకున్నారు. దీన్ని వలస రికార్డుగా చదివినవాళ్ళు గత శతాబ్దపు చరిత్రకారులు. గైడు రాసినవాళ్ళు దాన్ని ఒకరి నుంచి ఒకరు ఎత్తుకుంటూ వచ్చారు.

పైగా ఆ గ్రంథం క్రీ.పూ. మొదటి సహస్రాబ్దిది. అప్పటికి మీ జిల్లాలో ఊళ్ళు వెలిసి వెయ్యేళ్ళు ఎప్పుడో దాటిపోయాయి. ఇక అక్కడికి వద్దాం.

"మొదట" అంటే ఎంత మొదట అన్నది కూడా చూసుకోవాలి. నంద్యాల జిల్లాలో బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ జుర్రేరు లోయలో నేల కింద తెల్లటి బూడిద పొర ఉంటుంది, కొన్నిచోట్ల మనిషి ఎత్తుకు మించి. ఊళ్ళోవాళ్ళు దాన్ని తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్ముకున్నారు. అది ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో సుమారు 74 వేల ఏళ్ళ కింద బద్దలైన తోబా అగ్నిపర్వతం బూడిద. సముద్రం దాటి ఇక్కడ రాలింది. 2007లో అక్కడ తవ్విన బృందం ప్రకటించిన విషయం ఏమిటంటే, బూడిద పొరకు కిందా పైనా ఒకే తరహా రాతి పనిముట్లు ఉన్నాయి. అంత పెద్ద విపత్తు తర్వాత కూడా మనుషులు ఆ లోయను పూర్తిగా వదిలిపోలేదన్నమాట. వాళ్ళ ఎముకలు అక్కడ దొరకలేదు కాబట్టి వాళ్ళు మనలాంటి మనుషులా, అంతకు ముందు జాతివాళ్ళా అన్నది ఇంకా వాదనలోనే ఉంది.

అదే కర్నూలు ప్రాంతంలో బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త, ఆయన కొడుకు కలిసి అక్కడ తవ్వారు. తర్వాత 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి గారు ఆ చుట్టుపక్కలే ముచ్చట్ల చింతమాను గవిలో ఎముకలతో చేసిన పనిముట్లు వెలికితీశారు. వీళ్ళందరూ వేటాడి, దుంపలు తవ్వుకుని బతికినవాళ్ళు. "మొదటివాళ్ళు" అనే మాటకు నిజంగా హక్కున్నది వీళ్ళకే. కానీ మీరు అడిగింది స్థిరపడ్డవాళ్ళ గురించి కాబట్టి ముందుకు పోతున్నాను.

ఇప్పుడు బూడిద దిబ్బలు. ఇది వేరే బూడిద, అగ్నిపర్వతానిది కాదు.

బళ్ళారి, రాయచూరు, కర్నూలు, అనంతపురం, పాత పాలమూరు జిల్లాల్లో ఇలాంటి దిబ్బలు వందకు దగ్గరగా గుర్తించారు. దగ్గరికి వెళ్ళి చూస్తే కొంత మెత్తటి బూడిద మన్ను, కొంత ఇటుక బట్టీలో ఎక్కువ కాలిపోయి గాజులా గడ్డకట్టిన చిట్టెం లాంటి ముద్దలు. చేతిలోకి తీసుకుంటే బుడగలు బుడగలుగా, చూపుకి ఎంత ఉందో దానికంటే తేలిగ్గా ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో దొరలు దీని మీద రకరకాలుగా తగాదా పడ్డారు. అగ్నిపర్వతం అన్నారు, ఇనుము కరిగించిన చోటు అన్నారు, యుద్ధంలో చచ్చినవాళ్ళను కాల్చిన చోటు అన్నారు. జనం మాత్రం తమకు తెలిసిన కథే చెప్పుకున్నారు. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటుగా ఇప్పటికీ చూపిస్తారు.

చివరికి తేలింది ఏమిటంటే అది పేడ. ఆవుల పేడ ఏళ్ళ తరబడి కుప్పపోసి, తగలబెట్టి, మళ్ళీ పోసి, మళ్ళీ తగలబెట్టగా పేరుకున్న బూడిద. గడ్డిలో ఉండే సిలికా బాగా వేడికి కరిగి గాజులా మారింది. ఫుట్ ఈ ఊహ ముందే చేశాడు. 1950ల చివర్లో ప్రయోగశాలలో పరీక్ష చేశాక సందేహం పోయింది.

మీ జిల్లాకు ఇందులో పెద్ద పాత్రే ఉంది. 1957లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు రేమండ్ ఆల్చిన్ తవ్విన ఉట్నూరు పాత పాలమూరు జిల్లాలోదే. ఆదిలాబాద్ ఉట్నూరు అనుకోకండి, అది వేరు. అక్కడ ఆయనకు దొరికింది ఒక పశువుల దొడ్డి. చుట్టూ బలమైన దుంగలు పాతి కంచె కట్టిన గుంతలు వరసగా కనిపించాయి. లోపల పొరల మధ్య మెత్తటి బూడిదలో ఆవుల గిట్టల గుర్తులు అచ్చుపడి ఉన్నాయి. దొడ్డి తగలబడ్డాక, బూడిద ఇంకా మెత్తగా ఉండగానే, మళ్ళీ పశువులను లోపలికి తోలారన్నమాట. నాలుగున్నర వేల ఏళ్ళ కిందటి ఒక మామూలు సాయంత్రం అది. శాతవాహనుల మీద వంద పేజీలు చదివినా నాకు అంత దగ్గరగా అనిపించిన మనుషులు లేరు.

ఎందుకు తగలబెట్టారు? ఆల్చిన్ దీన్ని ఏటేటా జరిగే పండగ మంటలతో ముడిపెట్టాడు, మన భోగి, దీపావళి, హోళీ మంటలకు దూరపు చుట్టంలాగా. కర్ణాటకలో ఇప్పటికీ సంక్రాంతినాడు పశువులను మంట దాటిస్తారు. పురావస్తు పరిశోధకుడు కె. పద్దయ్య గారు గుల్బర్గా వైపు బుదిహాళ్‌లో 1990ల దాకా ఏళ్ళ తరబడి తవ్వి, ఇవి ఉత్త దొడ్లు కావని, పక్కనే ఇళ్ళు, పనిముట్లు చేసుకున్న చోట్లు, పశువులను కోసిన చోటు, పిల్లలను పాతిపెట్టిన కుండలు కూడా ఉన్న ఊళ్ళని చూపించారు. ఊరి పక్కన పేరుకున్న పేడను అప్పుడప్పుడు కాల్చడమే ఆయన వివరణ. నన్నడిగితే ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు రావు. పేడ పేరుకోవడం అవసరం, కాల్చడానికి ఒక రోజు పెట్టుకోవడం పండగ. కానీ "భోగి మంటలు అయిదువేల ఏళ్ళ నాటివి" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లను మాత్రం నమ్మకండి. మధ్యలో అంత పొడుగు దారానికి ఆధారం లేదు.

వాళ్ళు ఏం తిన్నారన్నది ఇంకా ఆసక్తికరమైన విషయం. తవ్విన మట్టిని నీళ్ళల్లో కలిపి కదిపితే మాడిపోయిన గింజలు పైకి తేలతాయి. ఈ పద్ధతిలో డోరియన్ ఫుల్లర్ అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్ళు ఈ ప్రాంతపు పాత ఊళ్ళ మట్టిని జల్లించి చూశారు. ఎక్కువగా దొరికినవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు. ఇవన్నీ మన దగ్గరి ఎండు నేలల్లో అడవిగా పెరిగే మొక్కల నుంచి వచ్చినవే. గోధుమ, బార్లీ తర్వాత వచ్చాయి, అదీ కొద్దిగా. జొన్న, రాగి, సజ్జ ఆఫ్రికాలో పుట్టి ఇక్కడికి చేరిన పంటలు. జొన్నరొట్టె పాలమూరు ఆదిమ తిండి అని అందరం గొప్పగా చెప్పుకుంటాం గానీ ఉలవచారు దానికంటే చాలా పెద్దది.

ఇక్కడే మీ ప్రశ్నకు నా అసలు జవాబు ఉంది. ఉలవ, పెసర, అండుకొర్ర ఇక్కడివి. వాటిని అడవి నుంచి పొలంలోకి తెచ్చినవాళ్ళకు ఈ నేల, ఈ వాన, ఈ గడ్డి తరతరాలుగా తెలిసి ఉండాలి. గొర్రె, మేక మాత్రం ఇక్కడివి కావు, వాటి అడవి జాతులు పశ్చిమాసియావి. మూపురం ఉన్న ఆవును మొదట మచ్చిక చేసింది సింధు పరీవాహకం వైపు. మందలు నడిచి ఇక్కడిదాకా వచ్చాయంటే వాటిని తోలుకొచ్చినవాళ్ళు కొందరైనా వచ్చే ఉంటారు. అంటే మన నేల మీద మొట్టమొదటి ఊరే ఇక్కడివాళ్ళూ వచ్చినవాళ్ళూ కలిసి కట్టుకున్నది. మీ నాన్నగారి మాట సగం నిజం అన్నది ఇందుకే. మిగతా సగం గైడుకు ఇవ్వచ్చా అంటే ఇవ్వలేం, ఎందుకంటే ఆ వచ్చినవాళ్ళకు ఆంధ్రులనే పేరుతోనూ శాపంతోనూ ఏ సంబంధమూ లేదు.

ఆ జనం గుట్టల మీదా గుట్టల అంచునా గుడిసెలు వేసుకున్నారు. బండల మీద రాతి గొడ్డళ్ళు నూరి నూరి పడ్డ గాడులు ఇప్పటికీ కనిపిస్తాయి. బండల మీద గీసిన బొమ్మల్లో ఎక్కువ భాగం ఎద్దులే, మూపురంతో, పొడవాటి కొమ్ములతో. పొలంలో నాగలికి తగిలిన నున్నటి రాతి గొడ్డలిని రైతులు తెచ్చి వేపచెట్టు కింద అమ్మవారి దగ్గర పెట్టడం నేను చాలా ఊళ్ళలో చూశాను. మ్యూజియంలో కంటే అక్కడే అవి భద్రంగా ఉన్నాయని ఒక్కోసారి అనిపిస్తుంది.

క్రీ.పూ. 1200 ప్రాంతం నుంచి ఇనుము వాడకం పెరిగింది. దాంతోపాటు పెద్ద పెద్ద రాళ్ళతో కట్టిన సమాధులు వచ్చాయి. మనవాళ్ళు రాక్షసగుళ్ళు, పాండవగుళ్ళు అంటారు. తెలంగాణలో ఇవి లేని మండలం వెతకాలి. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తవ్వినప్పుడు ఒక సమాధి మీద కప్పిన బండ నలభై టన్నులకు పైనే ఉందని తేలింది, దాన్ని లేపడానికి క్రేన్ తెప్పించాల్సి వచ్చింది. క్రేన్ లేనివాళ్ళు దాన్ని పెట్టారు. మీకు దగ్గర్లోనే, కృష్ణ ఒడ్డున, నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిలువురాళ్ళు ఉన్నాయి. పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తున్నవి దాదాపు 80 ఉన్నాయి. ఒక బండ మీద చిన్న చిన్న గుంటలు సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయని పరిశోధకులు చూపించారు. 2025లో ఆ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. ఊరివాళ్ళు అంతకు ముందునుంచే అందులో ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తున్నారు. బస్సెక్కి వెళ్ళి చూసి రండి, ఏ పుస్తకమూ అంత చెప్పదు.

ఈ సమాధుల వాళ్ళు కొత్తగా దండెత్తి వచ్చిన జాతి అని ఒకప్పుడు అనుకున్నారు. 1947లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు మార్టిమర్ వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్వినప్పుడు అలాగే వివరించాడు: రాతి గొడ్డళ్ళ జనం మీదికి ఇనుము జనం వచ్చి పడ్డారని. తర్వాత తవ్విన చాలాచోట్ల ఒక పొర ఇంకో పొరలోకి మెల్లగా కలిసిపోతూ కనిపించింది. అదే ఊరు, అవే మందలు, అవే పంటలు, చేతిలోకి ఇనుము వచ్చింది, చచ్చినవాళ్ళకు చేసే మర్యాద మారింది. నేను ఈ రెండో వాదన వైపే.

ఇప్పుడు గైడు చదివినవాళ్ళు ఎదురుచూసే చోటికి వచ్చాం: రాజులు. ఇది కాస్త తొందరగా చెప్పేస్తాను, మీకు పుస్తకాల్లో దొరుకుతుంది కాబట్టి.

అశోకుడి శాసనాలు తెలుగు నేల మీద ఎక్కడున్నాయో మ్యాపులో గుర్తు పెట్టి చూడండి. కర్నూలు జిల్లాలో ఎర్రగుడి, రాజులమందగిరి. సరిహద్దు అవతల మస్కి, నిట్టూరు, బ్రహ్మగిరి. దాదాపు అన్నీ ఆ పాత పశువుల కాపరుల నేల మీదే. కారణం బంగారం, వజ్రాలు అని చాలామంది అనుకుంటారు, నాకూ అదే సబబుగా తోస్తుంది. మౌర్యుల దక్షిణ రాజధాని పేరు సువర్ణగిరి అని బ్రహ్మగిరి శాసనంలోనే ఉంది. తొలకరి పడగానే ఇప్పటికీ జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వజ్రాలకోసం వంగి వెతుకుతూ కనిపించేది ఎర్రగుడి చుట్టుపక్కలే. ఎర్రగుడి శాసనంలో ఇంకో ముచ్చట ఉంది. రాజు ఆజ్ఞను రజ్జుకుడు అనే అధికారి భేరి మోగించి జనపదంలో చాటించాలని అందులో ఉంది. చదువురాని పల్లెల్లో మన ఊరి దండోరా చేసిన పనే అది. ఆ జనపదం జనం ఎవరు? బూడిద దిబ్బలు పోసినవాళ్ళ మనవళ్ళ మనవళ్ళు.

ఆంధ్రుల పేరు కూడా అశోకుడి పదమూడో శిలాశాసనంలో, తన రాజ్యంలోని జనాల వరసలో వస్తుంది. తర్వాత రోమన్ రచయిత ప్లినీ ఆంధ్రులకు కోట గోడలున్న పట్టణాలు 30 ఉన్నాయని, లక్ష కాల్బలం, రెండువేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్నాయని రాశాడు. విన్న మాట రాశాడు, అంకెలకు కొంచెం తరుగు తీసి చదువుకోవాలి.

శాతవాహనులు మనవాళ్ళా, మరాఠావాళ్ళా, బళ్ళారివాళ్ళా అన్న గొడవలోకి నేను దిగను. వాళ్ళ తొలి శాసనాలు మహారాష్ట్రలోని నానేఘాట్, నాసిక్‌లలో ఉన్నాయి. బళ్ళారి వైపు శాతవాహని అనే సీమ పేరు ఉంది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో చిముకుడి నాణేలు దొరికాయి, పురాణాలు శాతవాహన వంశ మూలపురుషుడిగా చెప్పే సిముకుడు ఇతనే అంటారు. గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనంలో ఆమె కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి ఏలిన దేశాల జాబితా ఉంది, అందులో ఆంధ్రం పేరు లేదు. పురాణాలు మాత్రం వాళ్ళను ఆంధ్రులంటాయి. దేన్ని పట్టుకుంటే ఆ వాదన వస్తుంది. నాకు కోటిలింగాలలో వాళ్ళకంటే ముందు నాణేలు వేసుకున్న గోభద, నారన, సమగోప, కంవాయ లాంటి చిన్న రాజుల మీద ఎక్కువ ఆసక్తి. పేర్లు తప్ప మరేమీ మిగలని ఈ పొరుగూరి దొరలు లేకపోతే, శాతవాహనులకు ఏలుకోవడానికి పన్ను కట్టే ఊళ్ళే ఉండేవి కావు. గోదావరి మీదే బోధన్ వైపు అశ్మక జనపదం ఉండేదని బౌద్ధ గ్రంథాలు చెప్తాయి. బావరి అనే బ్రాహ్మణుడు ఉత్తరం నుంచి వచ్చి గోదావరి ఒడ్డున ఆ సీమలో ఆశ్రమం వేసుకున్నట్టు సుత్తనిపాతం అనే బౌద్ధ గ్రంథంలో ఉంది. ఉత్తరం నుంచి వచ్చారనడానికి నిజమైన సాక్ష్యం కావాలంటే ఇలాంటివి చూపించాలి: ఒక్కొక్కరుగా, చిన్న గుంపులుగా, ఏదో పనిమీద వచ్చినవాళ్ళు.

డెల్టా కథ వేరు. కృష్ణ, గోదావరి చివర్లలోని బరువైన నల్లమట్టిని, వరదను లొంగదీసుకోవడానికి ఇనుప పనిముట్లు, వరి సాగు, పెద్ద సంఖ్యలో మనుషులు కావాలి. అవి కుదిరాక మాత్రం ఆ సీమ చాలా వేగంగా ఎదిగింది. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతు కరండాల (బుద్ధుడి అవశేషాలు దాచిన పెట్టెల) మీద కుబిరకుడనే రాజు పేరుంది, దాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వాడు. ఘంటసాల శాసనంలో శివకుడనే మహానావికుడు, అంటే ఓడల యజమాని, కనిపిస్తాడు. నాగార్జునకొండలో సింహళ భిక్షువులకు ప్రత్యేకంగా ఒక విహారమే ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, యవనం, ద్రవిడం అంటూ ధర్మం చేరిన దేశాల పెద్ద జాబితా ఉంది. అక్కడి నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజుల ఇంటికి ఉజ్జయిని నుంచి కోడలు వచ్చింది. ఆ ఊళ్ళో వీధిలో నడిస్తే ఎన్ని భాషలు వినిపించేవో ఊహించుకోండి.

డెల్టాకు ఆంధ్రం అనే పేరు గట్టిగా అతుక్కున్నది ఈ కాలం చివర్లోనే. పల్లవ శివస్కందవర్మ ఇచ్చిన మైదవోలు తామ్రశాసనం ధాన్యకటకంలోని (ఇప్పటి అమరావతి దగ్గరి పాత పట్టణం) తన అధికారికి రాసింది. ఆంధ్రాపథంలోని విరిపర అనే ఊరిని ఇద్దరు బ్రాహ్మణులకు ఇస్తున్నానని అందులో ఉంది. ఇది నాలుగో శతాబ్దం. ఒక్క రేకు మీద మన చరిత్ర తీరు మొత్తం కనిపిస్తుంది. కాంచీపురం యువరాజు, ప్రాకృత భాష, పాత బౌద్ధ పట్టణంలో అధికారి, కొత్తగా భూమి పొందిన బ్రాహ్మణ కుటుంబాలు. ఆ విరిపరలో అప్పటికే దున్నుకుంటున్న రైతుల పేర్లు మాత్రం ఎవరూ చెక్కలేదు.

తెలుగు భాష శాసనాల్లోకి మొదట ఎక్కింది మాత్రం డెల్టాలో కాదు. కడప జిల్లా కలమళ్ళలో, రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలంలో, క్రీ.శ. 575 ప్రాంతంలో. మళ్ళీ అదే రాళ్ళ సీమ. ఆ రాజులు తాము కరికాల చోళుడి వంశమని చెప్పుకున్నారు, రాయించింది మాత్రం తెలుగులో. బయటివాళ్ళమని చెప్పుకోవడం గొప్ప, రాజ్యం చేయాలంటే కావలసింది ఊరివాళ్ళ భాష. మన చరిత్రలో ఇది పదే పదే కనిపిస్తుంది.

భాష మాట వచ్చింది కాబట్టి ఇంకొక సంగతి. తెలుగుకు దగ్గరి చుట్టాలు తమిళం, కన్నడం అనుకుంటాం. భద్రిరాజు కృష్ణమూర్తి గారు చూపించిన వర్గీకరణ ప్రకారం తెలుగు దగ్గరగా చేరేది గోండి, కుయి, కువి, కొండ భాషలతో. అంటే ఆదిలాబాద్ గోండులు, అల్లూరి జిల్లా కొండదొరలు, ఒడిశా కోందులు భాష విషయంలో మనకు అన్నదమ్ముల పిల్లలు. మైదానంలో చెరువు కింద స్థిరపడ్డవాళ్ళం మనం, కొండల్లో ఉండిపోయినవాళ్ళు వాళ్ళు. వాళ్ళను "వెనకబడిన తెగలు" అని ఒక పేరాలో తేల్చేసి, రాజవంశాలకు పది పేజీలిచ్చే పుస్తకాలు చూస్తే నాకు చిరాకు.

అలాగని చెంచులను "రాతియుగం మనుషులు ఇంకా మిగిలారు" అని రాయడమూ తప్పే. నల్లమల చెంచులు దుంపలు, తేనె మీద బతికినమాట నిజం, కానీ వాళ్ళు మాట్లాడేది తెలుగు, శ్రీశైలం మల్లన్నను చెంచు మల్లయ్యగా కొలుస్తారు, అహోబిలం నరసింహస్వామి వాళ్ళకు అల్లుడు. సంక్రాంతి తర్వాత పారువేటలో స్వామి నలభై రోజులు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతాడు. కింది ఊళ్ళతో ఇచ్చిపుచ్చుకోవడం లేని జనానికి ఇలాంటి చుట్టరికం కుదరదు. వాళ్ళు మనతో పాటే చరిత్రలో నడిచారు, వేరే దారిలో.

జన్యు పరీక్షల గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి రెండు మాటలు. 2009లో వచ్చిన పెద్ద అధ్యయనంలో తెలుగు ప్రాంతం నుంచి మాల, మాదిగ, వెలమ, వైశ్య, కంసాలి, చెంచు నమూనాలు ఉన్నాయి. ఏ ఒక్క గుంపూ కల్తీ లేనిదిగా తేలలేదు, పాళ్ళు మాత్రం తేడా. 2013లో వచ్చిన ఇంకో పరిశోధన ఈ కలయిక ఎక్కువగా సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి మధ్య జరిగిందని, ఆ తర్వాత ఎవరికి వాళ్ళు తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం బిగిసిందని లెక్కగట్టింది. బూడిద దిబ్బల కాలం నుంచి శాతవాహనుల కాలం దాకా అన్నమాట. "మేమే అసలైనవాళ్ళం" అని కులం పేరుతో వాదించేవాళ్ళకు ఈ పేపర్లు అసలు పనికిరావు.

తర్వాతి వలసలు, కాకతీయుల నాటి చెరువులూ కొత్త ఊళ్ళూ, అడవి కొట్టి రాయలసీమలో పొలాలు చేసినవాళ్ళూ, లంబాడీల రాక, అదంతా వేరే ప్రశ్నగా అడగండి. ఇందులో కలిపితే దేనికీ న్యాయం జరగదు.

మీ ఊరి గురించి మీరే కొంత తెలుసుకోవచ్చు. ఊరి పక్కన పాటిగడ్డ అని గానీ, పాటిమీద అని గానీ పిలిచే దిబ్బ ఉందేమో పెద్దవాళ్ళను అడగండి. పాటిమన్ను బండ్లతో తోలి పొలాలకు ఎరువుగా వేసేవాళ్ళు, చాలా పాత ఊళ్ళు అలాగే మాయమయ్యాయి. వాన పడిన మర్నాడు దాని మీద నడిస్తే పెంకులు పైకి తేలి ఉంటాయి. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న సన్నటి పెంకు కనిపిస్తే ఇనుపయుగం నాటిది కావచ్చు. ముతక బూడిదరంగు పెంకు, చేత్తో చేసినది, పక్కన రాతి గొడ్డలి ముక్క ఉంటే ఇంకా పాతది. పక్కన పెన్నో స్కేలో పెట్టి ఫొటో తీయండి, సర్వే నంబరు రాసుకోండి, ఎక్కడిది అక్కడే వదిలేయండి. చోటు నుంచి కదిలిస్తే దాని విలువ సగం పోతుంది. తవ్వకండి, లంకెబిందెల కోసం తవ్వేవాళ్ళకు చోటు చెప్పకండి. నాణేల్లాంటివి ఏవైనా దొరికితే 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది, పది రూపాయలకు మించిన విలువైనదేదైనా నేలలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాల్సిందే. ఫొటోలు, సర్వే నంబరు రాష్ట్ర పురావస్తు శాఖకు పంపితే ఊరి పేరు రికార్డులోకైనా ఎక్కుతుంది. ఊళ్ళో బండల మీద ఎద్దుల బొమ్మలు గానీ, రాళ్ళు నూరిన గాడులు గానీ ఉన్నట్టు మీకు తెలిస్తే ఇక్కడే రాయండి, ఫొటో చూసి నాకు తెలిసినంత చెప్తాను.